వినేవారి వంతు

(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం, డాలస్)



ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు నేను పండితురాలిని కానని ముందే చెప్పేశాను. ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది ఇంటర్‌ప్రిటర్ పని. ఆస్పత్రుల్లో, అప్పుడప్పుడు కోర్టుల్లో, ఎక్కువగా ఫోన్లో. అటు డాక్టరు ఇంగ్లీషు, ఇటు మనవాళ్ల తెలుగు, మధ్యలో నేను. "అందుకే పిలుస్తున్నాం" అన్నారు మీ కార్యదర్శి. కాదనడానికి నాకు ఇంకో సాకు దొరకలేదు.

గిడుగువారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. గ్రాంథికంతో పోరాడి వాడుక భాషను బళ్లలోకి తెచ్చిన మహానుభావుడని పటానికి దండ వేస్తాం, వడ తిని ఇంటికి వెళ్తాం. నాకు మాత్రం ఆయన పేరు చెప్పగానే ఇంకో సంగతి గుర్తొస్తుంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట ఆయన చెవిన పడింది. అర్థం కాలేదు. అర్థం కాని మాటను మొరటు మాట అనుకుని వదిలేయడం ఆ రోజుల్లో చదువుకున్నవారికి అలవాటే. ఈయన మాత్రం తెలుగూ సవరా రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలు తిరిగారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు రాశారు. ఆ తిరుగుళ్లలో మన్యపు జ్వరం పట్టుకుంది, దానికి క్వినైన్ మింగారు, వినికిడి పోయింది. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. అప్పటికి ఆయనకు అరవై ఏడు దాటాయి.

ఇతరుల మాట వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మనిషి పేరు మీద మాట్లాడుతూ, చెవులు బాగానే ఉన్న మనం ఎంత వింటున్నామో చెప్పుకోకపోతే తప్పు. ముందు నా తప్పు చెబుతాను.

పదేళ్ల కిందటి మాట. పేరు, ఊరు, ఆస్పత్రి చెప్పను. మా వృత్తిలో చెప్పకూడదు. ఫోన్లో అటువైపు ఒక పెద్దాయన, కరీంనగర్ వైపు మనిషి. డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే, "పానం మంచిగుంటలేదు బిడ్డా" అన్నాడు. నాది తెనాలి. పానం అంటే ప్రాణం అని తెలుసు కదా, ఇంకేం? "నా జీవితం బాగోలేదు" అని ఇంగ్లీషులో చెప్పేశాను. డాక్టరు గొంతు మారింది. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్నలు ఇక్కడ వరసగా రాసి పెట్టి ఉంటాయి. నిద్ర పడుతోందా? బతకడం దండగ అనిపిస్తోందా? మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా? నేను ఒక్కొక్కటీ శ్రద్ధగా తెలుగు చేశాను. మూడో ప్రశ్నకు పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్లెందుకనిపిస్తది? రెండు దినాల సంది జరమొస్తున్నది, గంతే" అన్నాడు.

పానం బాగాలేదంటే ఒంట్లో బాగాలేదని. తెలంగాణలో చిన్నపిల్లలకు తెలిసిన మాట. అర్థం కానప్పుడు ఆగి అడగాలన్నది మా వృత్తిలో మొదటి నియమం. నేను అడగలేదు. అర్థం కాలేదని నాకు తెలిస్తే కదా అడగడం! ఆ మాట నా ఊళ్లో ఎలా ఉంటుందో అలాగే అంతటా ఉంటుందన్న ధీమా నన్ను అడగనివ్వలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. సరిగ్గా అదే వారంలో ఒక నర్సు నా గొంతు విని రెండో వాక్యానికే, "ఈమె మాట అర్థం కావడం లేదు, వేరే ఇంటర్‌ప్రిటర్‌ను ఇవ్వండి" అంది. ఆ రాత్రి మా ఆయన దగ్గర గంటసేపు ఏడ్చాను. ఈ దేశంలో ఎన్నేళ్లున్నా మన నోటికి విలువ లేదన్నాను. పెద్దాయన సంగతి మాత్రం ఆయనతో చెప్పలేదు.

నర్సు చెవికి నా ఇంగ్లీషులో ఏం అడ్డం వచ్చి ఉంటుంది? కొంత నాకు తెలుసు. ఇంగ్లీషువారు ట, డ పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనకున్న చిగుళ్లకు తగులుతుంది. మనం ఇంకా వెనక్కి మడిచి అంగిలికి కొడతాం. వాళ్లకు వ లాంటి ధ్వనులు రెండు, మనకు ఒకటే. మాట మొదట్లో ఎ, ఒ లాంటి అచ్చు ఒంటరిగా ఉంటే మన నోటికి సహించదు. ఎమ్మెల్యే యెమ్మెల్యే అవుతాడు, ఓన్లీ వోన్లీ అవుతుంది. ఇంకొకటి ఇక్కడే పరీక్షించి చూడవచ్చు. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని అమెరికాలో పుట్టిన మీ పిల్లల చేత 'పేపర్' అనిపించండి. మొదటి ప దగ్గర గాలి చేతికి కొడుతుంది. తర్వాత మీరు అనండి. కొట్టదు. ఆ గాలి లేని ప ఫోన్లో వాళ్లకు బ లాగా వినిపిస్తుంది. మా ఇంటిపేరు ప తో మొదలవుతుంది. ఇరవై ఏళ్లుగా మా కరెంటు బిల్లు బ తో వస్తోంది. పి ఫర్ పీటర్ అని చెప్పి చూశాను. బీటరా అని అడిగారు.

అన్నీ మనకు కొత్తవే అనుకోనక్కర్లేదు. ఇంగ్లీషులో పిల్లిని పిలిచే మాటలోని అచ్చు మనది కాదనుకుంటాం. మా కోస్తాలో 'వచ్చేడు' అన్నప్పుడు ఆ 'చే' ఎలా పలుకుతామో వినండి. అది ఏ కాదు, ఆ కాదు. ఆ పిల్లిలోని అచ్చే. మన నోట్లో ఎప్పటినుంచో ఉంది, మన అక్షరమాలలో చోటు లేదు, అంతే. రాతను చూసి కాక నోటిని చూసి భాషను లెక్కగట్టమన్నది గిడుగువారి మాట కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, ఇవి ఉన్నమాటే. అయితే అవతలివారికి మన మాట అర్థం కానిది ఈ ట, డల వల్లేనా? 1992లో జార్జియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ రూబిన్ ఒక ప్రయోగం అచ్చువేశారు. అమెరికాలోనే పుట్టిపెరిగిన ఒక మహిళ చేత నాలుగు నిమిషాల పాఠం చెప్పించి రికార్డు చేశారు. ఆ ఒక్క టేపునే విద్యార్థులందరికీ వినిపించారు. వింటున్నప్పుడు కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో చూపించారు, కొందరికి ఆసియా మహిళ ఫొటో. ఆసియా ముఖం చూసినవారికి ఆ గొంతులో విదేశీ యాస వినిపించింది. పాఠం కూడా తక్కువ అర్థమైంది. గొంతు అదే, మాటలు అవే. ఆ తరగతిలో యాసను విన్నది కళ్లు.

దీనికి మన ఇంటి కథ ఒకటి ఉంది. హరి కొండబోలు పేరు మీలో చాలామంది విన్నదే. 1982లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టిన తెలుగువారి అబ్బాయి, స్టేజి మీద ఒంటరిగా నిలబడి నవ్వించే కమెడియన్. 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అని డాక్యుమెంటరీ తీశాడు. 'ది సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్‌లో కిరాణా కొట్టు నడిపే అపు అనే ఇండియన్ ఉంటాడు. ఆ పాత్రకు గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. 1990 నుంచి అమెరికాలో మన పిల్లలను స్కూల్లో ఏడిపించింది ఆ గొంతే. ఆ గొంతు ఎక్కడిది? 1968లో వచ్చిన 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్ వేసిన ఇండియన్ వేషం తనకు నమూనా అని అజారియానే చెప్పాడు. సెల్లర్స్ ఇంగ్లండువాడు. అంటే ఒక ఇంగ్లీషు నటుడి వెక్కిరింతను ఒక అమెరికన్ నటుడు అనుకరిస్తే, దాన్ని విన్న అమెరికా పిల్లలు ఇది మీ నాన్న మాట అని మన పిల్లలకు చెప్పారు. మన పిల్లలు నమ్మారు. తెనాలిలోగానీ, కర్నూల్లోగానీ, వరంగల్లోగానీ అలా మాట్లాడేవాడు ఒక్కడు లేడు. 2020 జనవరిలో అజారియా ఆ పాత్రకు ఇక గొంతివ్వనన్నాడు. మరుసటి ఏడాది క్షమాపణ చెప్పాడు. స్కూలు బస్సులో మాట పడ్డ పిల్లలు అప్పటికే పెద్దవాళ్లయి, మనం మాట్లాడుతుంటే పక్కకు జరగడం అలవాటు చేసుకున్నారు.

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1964 పౌరహక్కుల చట్టం పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదంటుంది. యాస దాని కిందికే వస్తుంది. అయితే ఉద్యోగానికి ఆ యాస నిజంగా అడ్డమైతే కాదనవచ్చునంటాయి కోర్టులు. ఆ సందులో ఏం జరుగుతుందో మాన్యుయెల్ ఫ్రగాంటే కథ చెబుతుంది. ఫిలిప్పీన్స్ నుంచి హవాయికి వచ్చిన పెద్దమనిషి. హొనొలులులో వాహనాల లైసెన్సుల ఆఫీసులో గుమాస్తా పనికి 1981లో రాత పరీక్ష రాశాడు. ఏడు వందల మందికి పైగా రాస్తే మొదటివాడు వచ్చాడు. ఇద్దరు అధికారులు ఇంటర్వ్యూ చేసి, కౌంటరు దగ్గర ఈయన మాట జనానికి అర్థం కాదని తేల్చారు. కోర్టుకు వెళ్లాడు, ఓడిపోయాడు. 1989లో అప్పీలు కోర్టు కూడా అదే అంది. 1990లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. ఆయన తన సాక్ష్యం తానే, ఇంగ్లీషులోనే చెప్పాడు. అది అర్థమయ్యే కదా తీర్పు రాశారు!

ఫ్రగాంటే మాట స్పష్టంగా ఉందా అని ఇన్ని కోర్టులు అడిగాయి. విన్నవారు వినడానికి ఎంత ప్రయత్నించారని మాత్రం తేల్చలేదు. ప్రయత్నిస్తే ఎంతసేపు పడుతుంది? 2004లో కాన్‌స్టన్స్ క్లార్క్, మెరిల్ గారెట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇది కొలిచారు. కొత్త యాస వినగానే చెవి తడబడుతుంది, నిజమే. ఒక్క నిమిషం లోపల ఆ తడబాటు చాలావరకు తగ్గిపోతుంది. నా దగ్గర ఆ నర్సు రెండు వాక్యాలకు మించి ఆగలేదు. ఆ పెద్దాయన దగ్గర నేనూ ఆగలేదు.

పెద్ద కుర్చీలో ఉన్నవారికి ఆ నిమిషం అడగకుండానే దొరుకుతుంది. 2014 నుంచి మైక్రోసాఫ్ట్‌ను నడుపుతున్న సత్య నాదెళ్ల హైదరాబాదు పోలికలు పోని ఇంగ్లీషే మాట్లాడతాడు. అర్థం కాలేదని ఎవరూ ఫోను పెట్టెయ్యరు. అదే హైదరాబాదులో రాత్రంతా కూర్చుని అమెరికావాళ్ల ఫోన్లు ఎత్తే పిల్లలకు మాత్రం యాస పోగొట్టుకునే శిక్షణ ఇస్తారు. ఇప్పుడు ఆ శిక్షణ కూడా అక్కర్లేదట. మాట్లాడుతుండగానే గొంతులోని యాసను మార్చి అవతలికి వినిపించే సాఫ్ట్‌వేర్ వచ్చింది. కాలిఫోర్నియాలోని సనాస్ అనే కంపెనీ ఇందులో పేరు మోసింది. తిట్లు తప్పుతాయి, పని సాగుతుంది, మంచిదే కదా అనేవారున్నారు. రాత్రి డ్యూటీ చేసే పిల్ల ఆ మాట అంటే నేను కాదనను. నా అనుమానం వేరు. వినేవాడి చెవికి ఉన్న కాస్త అలవాటు కూడా దీంతో పోతుంది. రేపు అదే మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే ఇంకా అర్థం కాదు.

యంత్రాలంటే ఇంకొకరిని తలుచుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, గిండీలో ఇంజినీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి 1966లో డాక్టరేటు తీసుకున్నారు. తర్వాత పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో యంత్రానికి మనిషి మాట వినడం నేర్పే పనిలో పడ్డారు. 'హియర్‌సే' అనే వ్యవస్థ అక్కడే పుట్టింది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఈ రోజు మన పిల్లలు వంటింట్లో నిలబడి అలెక్సాను పాట పెట్టమంటున్నారంటే ఆ దారి వేసినవారిలో ముందు నిలిచేది ఆ రాయలసీమ పల్లెటూరి మనిషి. అమెరికాకు చెవులు చేసిపెట్టింది మనవాడేనని నేను గర్వపడతాను. మరి ఆ చెవులు ఎవరి మాట వింటున్నాయి? 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెజాన్, ఆపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ యంత్రాలను పరీక్షించారు. తెల్లవారు మాట్లాడితే నూటికి 19 మాటలు తప్పు రాశాయి, నల్లవారు మాట్లాడితే 35. వాళ్లు వలస వచ్చినవారు కారు. వాళ్లకు ఇంగ్లీషు తప్ప ఇంకో తల్లిభాష లేదు. యంత్రానికి ఎవరి మాటలు ఎక్కువ వినిపించారో వాళ్ల మాటే దానికి ఇంగ్లీషు అయింది.

ఇక్కడ మనం కాస్త నోరు మూసుకుని కూర్చోవాలి. జాన్ బా అనే నల్లజాతి భాషావేత్త, అప్పట్లో స్టాన్‌ఫర్డ్‌లో ఉండేవారు, ఇళ్ల యజమానులకు ఫోన్లు చేసి చూశారు. ఒకే మనిషి, మూడు రకాల ఇంగ్లీషు. నల్లవారి పలుకుతో అడిగితే తెల్లవారి పేటల్లో ఇల్లు చూడటానికి రమ్మన్నవారు బాగా తగ్గారు. ఒక్క 'హలో'తోనే జాతి పోల్చేస్తారని ఆయనా ఆయన సహచరులూ 1999లో రాశారు. మనలో ఇళ్లు అద్దెకిచ్చేవారు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. ఫోను ఎత్తినప్పుడు మన చెవి ఏం చేస్తోంది? "అలా మాట్లాడకు, వాళ్లలాగా" అని పిల్లల్ని ఎన్నిసార్లు కసిరాం? ఫ్రగాంటే పట్టుకున్న 1964 చట్టం నల్లవారు దెబ్బలు తిని సాధించింది. ఆ వెనకే 1965లో వలస చట్టం మారకపోతే మనకు ఇక్కడ హాలూ లేదు, ఉపన్యాసమూ లేదు.

ఇక మన తెలుగు. 2010 నుంచి 2017 లోపల అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని జనాభా లెక్కల నుంచి తేల్చినప్పుడు మనమంతా ఆ వార్తను వాట్సాప్‌లో తిప్పాం. ఏ తెలుగు పెరిగింది? నేను ఇళ్లలో వింటాను. అత్తగారిది కావలి, కోడలిది నల్లగొండ. పెళ్లయిన ఏడాదికి కోడలి మాట మారిపోతుంది. అత్తగారి మాట మారదు. దశాబ్దాలుగా మన సినిమాల్లో తెలంగాణ మాట రౌడీకీ, పనివాడికీ, నవ్వించేవాడికీ పెట్టారు. శ్రీకాకుళం మాట అమాయకుడికి, సీమ మాట కత్తి పట్టినవాడికి. హీరో హీరోయిన్లకు ఊరే ఉండదు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల భానుమతి తన మాట తానే మాట్లాడితే డాలస్ థియేటర్లలో కూడా ఈలలు వేశాం. ఆ మాట చెప్పిన సాయిపల్లవికి తెలుగు మాతృభాష కాదు. నేర్చుకుని, తన గొంతుతోనే చెప్పింది.

ఆగస్టు 29 గిడుగువారి రోజు. సెప్టెంబరు 9 కాళోజీ నారాయణరావుగారి రోజు, తెలంగాణ భాషా దినోత్సవం. పదకొండు రోజుల తేడా. ఒకదానికి వచ్చేవారు రెండోదానికి రారు. ఇద్దరూ చెప్పింది జనం నోటి మాటకు గౌరవం ఇమ్మనే. సంఘాలను కలపమని నేను అడగను, అది నా వల్లా మీ వల్లా కాదు. ఒక పండక్కి వెళ్లినవారు రెండో పండక్కీ వెళ్లండి చాలు.

శని, ఆదివారాల్లో తెలుగు బడి నడిపే టీచర్లకు ఒక మనవి. పిల్లవాడు "తాత అచ్చిండు" అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టెయ్యకండి. అది తప్పు కాదు, వాడి తాత మాట. పక్కన 'వచ్చాడు', 'వచ్చేడు', 'వచ్చినాడు' రాసి, ఏది ఏ వైపు మాటో చెప్పండి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, దేశానికి తిరిగి వెళ్లి చేసిన పెద్ద పనుల్లో ఒకటి మాండలిక వృత్తిపదకోశం. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయం మాటలది. జిల్లా జిల్లా రైతులను అడిగి పోగుచేసినవి. ఏ మాట శిష్టం, ఏ మాట కాదు అని వడకట్టకుండా, ఎక్కడ ఏమంటారో అక్కడ అదే రాయించారు.

మన దగ్గరికి ఏటా వేసవిలో ఆ జిల్లాలన్నీ విమానం ఎక్కి వస్తున్నాయి. ఆరు నెలలుంటాయి. మనం ఆఫీసుకు వెళ్తే టీవీ చూస్తూ కూర్చుంటాయి. ఈ ఉపన్యాసానికి మీరు నాకిచ్చిన చెక్కును సంఘానికే తిరిగి ఇస్తున్నాను. దాంతో ఒక మంచి రికార్డరు కొనండి. మనవళ్లూ మనవరాళ్లే వెళ్లి అడగాలి, మనం కాదు. పొలం పనులు, వంటలు, జబ్బులు, తిట్లు, ఏదైనా సరే. అర్థం కాని మాట వచ్చినప్పుడు ఆగి "అంటే ఏంటి తాతా?" అని అడగడం మాత్రం మరచిపోవద్దని చెప్పండి.

బయట బల్ల మీద కాగితం పెట్టాను. మీ అమ్మానాన్నల ఊరు పేరు, తిరుగు ప్రయాణం తేదీ రాసి వెళ్లండి. తేదీ దగ్గర పడ్డవారితో మొదలుపెడదాం.